కిరిన్ దీవి వికారాబాదుకు ఎట్లా వచ్చింది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"పిల్లల పుస్తకాల గురించి పది నిమిషాలు మాట్లాడక్కా" అని మన కార్యదర్శి అడిగాడు. ముప్పై ఏళ్లు నలభై అయిదు నిమిషాల పీరియడ్లు చెప్పిన దాన్ని. పది నిమిషాలంటే నాకు హాజరు తీసుకునేంత టైము. కొంచెం ఎక్కువైతే వెనక బెంచీ వాళ్లు క్షమించాలి.

నేను ఈ బడిలో చేరినప్పుడు మనది హైదరాబాదు జిల్లా. 1978లో రంగారెడ్డి జిల్లా అయింది. 2016లో వికారాబాదు జిల్లా అయింది. ఊరు కదలకుండానే మూడు జిల్లాలు చూశాం. అట్లాగే నేను ఊరు కదలకుండానే ఇంగ్లండు సముద్రం పక్కన ఒక దీవిని చూశాను. ఆ దీవి పేరు కిరిన్. అది ఏ మ్యాపులోనూ ఉండదు. ఎనిడ్ బ్లైటన్ అనే ఆవిడ 1942లో రాసిన పిల్లల నవలలో ఉంటుంది. ఆ దీవి వికారాబాదు జంక్షన్‌లో దిగి మా ఇంటికి ఎట్లా వచ్చింది, మన కథలు అట్లా దూరం ఎందుకు పోలేకపోయాయి అనే రెండు ప్రశ్నల గురించి ఈ రోజు మాట్లాడతాను. చివరికి ఒక మనవి కూడా ఉంది.

మా నాయన తాండూరులో ఒక బండల డిపోలో గుమాస్తా. పొద్దున ప్యాసింజరుకు పోయి రాత్రికి తిరిగి వచ్చేవాడు. ఆయన అంగీకి ఎప్పుడూ నాపరాయి దుమ్ము ఉండేది. లారీ లెక్కల పని మీద నెలకోసారి హైదరాబాదు పోయేవాడు. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయనకు ఇంగ్లిష్ రాదు. "కుక్క బొమ్మ ఉంది బిడ్డా, పిల్లలదే అనుకున్న. రూపాయికిచ్చిండు. సదువుకో" అన్నాడు. అప్పుడు నేను ఎనిమిదో తరగతి.

ఆ పుస్తకం ఫేమస్ ఫైవ్ వరుసలో మొదటిది, ఫైవ్ ఆన్ ఎ ట్రెజర్ ఐలండ్. ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ల చెల్లెలు, వాళ్ల చిన్నాన్న కూతురు, ఒక కుక్క. ఈ అయిదుగురే ఆ ఫైవ్. తెలుగు మీడియంలో చదివే నాకు పాఠ్యపుస్తకంలో లేని ఇంగ్లిష్ చదవడం అదే మొదటిసారి. పక్కన శంకరనారాయణ నిఘంటువు పెట్టుకొని రోజుకు ఒక పేజీ చదివేదాన్ని. వారం తర్వాత రెండు పేజీలు. నెల తిరిగేసరికి నిఘంటువు చూడటం తగ్గిపోయింది. నాకు ఇంగ్లిష్ బాగా వచ్చేసిందని కాదు. ఆవిడ వాడే మాటలే మళ్లీ మళ్లీ వాడుతుంది. వాక్యాలు చిన్నవి. అర్థం కాని మాట ఒకటి అడ్డం వచ్చినా తర్వాతి వాక్యం మనల్ని లాక్కొని పోతుంది.

ఒక్కచోట మాత్రం ఆగిపోయాం. ఆ కథల్లో పిల్లలు జింజర్ బీర్ తాగుతారు. బీరు తాగే పిల్లల కథ చదువుతున్నానని తెలిస్తే అమ్మ పుస్తకాన్ని పొయ్యిలో పెడుతుందని భయపడి నేనూ నా స్నేహితురాళ్లూ ఆ సంగతి రహస్యంగా ఉంచాం. అది అల్లంతో చేసిన గ్యాసు పానీయమని, మన గోళీ సోడాకు దగ్గరి చుట్టమని ఇంగ్లిష్ సారు చెప్పాక ఊపిరి పీల్చుకున్నాం.

అసలు కష్టం చివర్లో వచ్చింది. జూలియన్, జార్జ్ అనే ఇద్దరు పిల్లలు దీవిలోని పాత కోట కింద, బంగారం దాచిన నేలమాళిగలో బందీ అవుతారు. పైన మిగిలిన డిక్ వాళ్లను విడిపించడానికి పాత బావిలోకి దిగుతాడు. నా పుస్తకం అక్కడితో అయిపోయింది. తర్వాత పేజీలు లేవు. రూపాయి పుస్తకం కదా!

మన బడి లైబ్రరీలో ఉందేమోనని అడిగాను. మన లైబ్రరీ అంటే మీకు గుర్తుండే ఉంటుంది, స్టాఫ్ రూములో గోడకు ఆనించిన అద్దాల బీరువా. అందులో ఏ పుస్తకాలున్నాయో అద్దంలోంచి కనిపించేవి. తాళం మాత్రం ఎప్పుడూ వేసి ఉండేది. అప్పుడు కోపం వచ్చింది. నేను టీచరయ్యాక సంగతి అర్థమైంది. పుస్తకం పోతే స్టాకు రిజిస్టరులో లెక్క చెప్పాల్సింది దాని బాధ్యత చూసే టీచరే. తాళం వేస్తే పుస్తకాలు భద్రం, టీచరు భద్రం. పిల్లలు మాత్రం బయట.

సరే, ముగింపు దొరకలేదు కాబట్టి మేమే తయారు చేశాం. మధ్యాహ్నం వేపచెట్టు కింద గిన్నెలు తెరుచుకొని ఒక్కొక్కరం ఒక ముగింపు చెప్పాం. కొట్లాడుకున్నాం. చివరికి అందరం ఒప్పుకున్నది ఇది: డిక్ ఇద్దరినీ విడిపిస్తాడు, దొంగల్ని తెలివిగా అదే చీకటికొట్టులో పెట్టి తప్పించుకోవాలని చూస్తారు, బంగారం ఆ ఇంటివాళ్లకే దక్కుతుంది, జార్జ్ కుక్కను ఇంట్లో పెంచుకోవడానికి వాళ్ల నాన్న ఒప్పుకుంటాడు.

చాలా ఏళ్ల తర్వాత బి.ఎడ్. చదివేటప్పుడు అదే ఆబిడ్స్‌లో పేజీలన్నీ ఉన్న ప్రతి దొరికింది. రోడ్డు పక్కన నిలబడే చివరి అధ్యాయాలు చదివేశాను. పుస్తకంలో ఉన్నది, మేం వేపచెట్టు కింద అనుకున్నది దాదాపు ఒకటే! నవ్వొచ్చింది. తర్వాత ఆలోచన మొదలైంది. సముద్రం చూడని, దీవి తెలియని, ఇంగ్లిష్ సరిగా రాని వికారాబాదు ఆడపిల్లలు ఒక ఇంగ్లండు కథ ముగింపును అంత సరిగా ఎట్లా చెప్పగలిగారు? ఈ కథలు ప్రపంచమంతా ఎందుకు పోయాయనే ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

ఆ కథలకు ఒక న్యాయం ఉంది. అది ఏ దేశం పిల్లలకైనా తెలిసిన న్యాయమే. పెద్దవాళ్లు మన మాట నమ్మరు. మనం కష్టపడి నిజం కనిపెడతాం. చివరికి వాళ్లే ఒప్పుకుంటారు. ఇదే ఆ న్యాయం. ఇది తెలుసుకోవడానికి ఇంగ్లండులో పుట్టాల్సిన పని లేదు. ఇంట్లో చిన్నపిల్లగా ఉంటే చాలు.

ఇంకో సంగతి, ఆ కథలు సెలవుల్లోనే జరుగుతాయి. పెద్దవాళ్లు పనుల్లో ఉంటారు. పిల్లలు రొట్టెలు మూటగట్టుకొని బయటికి పోతారు, దారి వాళ్లే వెతుక్కుంటారు, తప్పు చేస్తే వాళ్లే దిద్దుకుంటారు. సాయంత్రం దీపాలు పెట్టేలోపు ఇంటికి రావాల్సిన మాలాంటి ఆడపిల్లలకు అది ఎంత పెద్ద మాటో ఇక్కడున్న అక్కాచెల్లెళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జార్జ్ అనే పిల్ల అసలు పేరు జార్జినా. ఆ పేరుతో పిలిస్తే పలకదు. జుట్టు కత్తిరించుకొని, పడవ నడుపుతూ, మగపిల్లలతో సమానంగా మాట్లాడుతుంది. అనంతగిరి కొండకు సీతాఫలాల కోసం తమ్ముడిని పంపి నన్ను ఇంట్లో ఉంచిన రోజు, జార్జ్ అయితే ఏం చేసేదని చాలాసేపు ఆలోచించాను. ఏమీ చేయలేదు. కానీ అట్లా ఆలోచించడం నేర్చుకున్నాను.

ఎనిడ్ బ్లైటన్ 1897లో పుట్టి 1968లో పోయింది. చిన్నపిల్లలకు పాఠాలు చెప్పే శిక్షణ పొందిన టీచరు. ఫేమస్ ఫైవ్ వరుసలో ఓ అరడజను పుస్తకాలు రాద్దామనుకుంది. పిల్లలు ఆపనివ్వలేదు. 1963 దాకా ఇరవై ఒకటి రాసింది. సీక్రెట్ సెవెన్ పదిహేను. హాస్టలు బడుల కథలు వేరే. తన పేరుతో పిల్లల పత్రిక నడిపింది, పిల్లల ఉత్తరాలకు జవాబులు రాసింది. ఆవిడ సంతకమే ప్రతి అట్ట మీదా అచ్చయ్యేది. అక్షరాలు సరిగా రాని పిల్లవాడు కూడా ఆ సంతకాన్ని బొమ్మలా గుర్తుపట్టి "ఇది ఆమెదే" అని తీసుకునేవాడు. ఆ సంతకం సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

వరుస అంటే మాట ఇవ్వడం. ఒక పుస్తకం నచ్చిన పిల్లకు "ఇంకోటి ఉంది, అందులోనూ వీళ్లే ఉంటారు" అని మాట ఇస్తుంది. చదవడం కష్టమైన పిల్లకు కొత్త పుస్తకంలో కష్టమంతా మొదటి పేజీల్లోనే. ఎవరు వీళ్లు, ఎక్కడున్నారు, నేనెందుకు చదవాలి? వరుసలో రెండో పుస్తకానికి ఆ కష్టం ఉండదు. తెలిసినవాళ్ల ఇంటికి పోయినట్టే. నా అనుభవంలో, చదవడం రాని పిల్ల చదివే పిల్లగా మారేది మొదటి పుస్తకంతో కాదు, మూడోదానితో.

అయితే ఇంగ్లండులో వచ్చిన మంచి వరుసలన్నీ అంత దూరం పోలేదు. ఆర్థర్ రాన్సమ్ అనే ఆయన 1930లో మొదలుపెట్టి సెలవుల్లో పడవలు నడిపే పిల్లల మీద పన్నెండు నవలలు రాశాడు. విమర్శకులు ఆయన్ను ఎంతో మెచ్చుకుంటారు. నేనూ మెచ్చుకుంటాను. కానీ తాండూరులో ఏడో తరగతికి చదివి వినిపించబోతే మొదటి అధ్యాయంలోనే తెరచాప, దాని కర్రలు, తాళ్ల పేర్ల దగ్గర నేనే తడబడ్డాను. మన కాగ్నా నదిలో పడవ ఎక్కడిది? ఆ పుస్తకం పిల్లల్ని ఆ ప్రాంతానికి రమ్మంటుంది. బ్లైటన్ పుస్తకంలో కోట, గుహ, సొరంగం అని తప్ప వివరాలు పెద్దగా ఉండవు. మిగతాది చదివే పిల్లే తన ఊరి నుంచి తెచ్చి పెట్టుకుంటుంది. నాకు కిరిన్ కోట అంటే కళ్ల ముందు మెదిలింది తాండూరు దారిలో చూసిన పాత బండల గని. వివరాలు లేకపోవడం రచనలో లోపమని పెద్దలు అన్నారు. దూర ప్రయాణానికి మాత్రం తేలికపాటి సామానే మేలు.

పెద్దలు ఇంకా చాలా అన్నారు. 1930ల నుంచి 1950ల దాకా బీబీసీ రేడియో ఆవిడ కథల్ని దగ్గరికి రానివ్వలేదు. బ్రిటన్‌లో కొన్ని లైబ్రరీలు ఆ పుస్తకాల్ని పక్కన పెట్టాయి. పన్నెండేళ్లు దాటినవాళ్ల విమర్శ తనకు పట్టదని ఆవిడ ధోరణి. ఇందులో పెద్దలది పూర్తిగా తప్పని నేననను. ఆ కథల్లో దొంగలు తరచూ పరదేశులు, జిప్సీలు. వంట మనిషి వంట మనిషే. గిన్నెలు కడగడం ఎక్కువగా ఆన్ వంతు, ఆమె ఆడపిల్ల కాబట్టి. నల్లటి మొహం కిటికీలో కనిపిస్తే భయపడాలన్నట్టు రాసిన చోట్లున్నాయి. చిన్నప్పుడు నేను అది గమనించలేదు. టీచరయ్యాక మా తండాల నుంచి వచ్చే లంబాడీ పిల్లలకు చదివి వినిపించబోతూ అక్కడ ఆగిపోయాను. అప్పటి నుంచి అట్లాంటి చోట్ల దాటేయకుండా ఆగి, "ఇది తప్పు కదా, ఎందుకు తప్పు?" అని క్లాసును అడిగేదాన్ని. అప్పుడు మంచి చర్చలు జరిగేవి.

ఇంతవరకు చెప్పింది సగం జవాబు. కథ మంచిదైనంత మాత్రాన సముద్రాలు దాటదు. దాన్ని మోసేవాళ్లు ఉండాలి.

ఇంగ్లండు కథలకు మోసేవాళ్లు ముందే ఉన్నారు. సామ్రాజ్యం ఉన్నంతకాలం బడులు, పాఠ్యపుస్తకాలు, ఓడలు, పుస్తకాల కంపెనీలు అన్నీ వాళ్లవే. సామ్రాజ్యం పోయాక ఇంగ్లిష్ మిగిలింది. ఇంగ్లిష్ వస్తే ఉద్యోగం వస్తుందని తల్లిదండ్రులకు ఆశ మిగిలింది. మా నాయన రూపాయి పెట్టి కొన్నది కుక్క బొమ్మను మాత్రమే కాదు, ఆ ఆశను కూడా. చవక అట్టల పుస్తకాలుగా అచ్చయి, నగరంలో చదివినవాళ్లు అమ్మేస్తే ఫుట్‌పాత్ మీదికి వచ్చి, అక్కడి నుంచి రైలెక్కి మన జంక్షన్‌లో దిగాయి. ఇది సమానమైన పరుగు పందెం కాదని పిల్లలకు చెప్పాలి.

ఇంగ్లిష్ రాని దేశాల్లో ఇంకో పని చేశారు. ఫ్రెంచి అనువాదంలో జూలియన్ ఫ్రాన్సువా అయ్యాడు, జార్జ్ క్లోద్ అయింది, కుక్క టిమ్మీ దగోబెర్ అయింది. కథ ఇంగ్లండు నుంచి ఫ్రాన్సు తీరానికి మారింది. బ్లైటన్ పోయాక ఒక ఫ్రెంచి రచయిత్రి ఆ వరుసను కొనసాగించి కొత్త పుస్తకాలు రాసింది. జర్మనీలో ఆవిడ హాస్టలు కథల్లోని కవలలు హన్ని, నన్ని అయ్యారు. వాళ్ల మీద కూడా జర్మనులే కొత్త కథలు రాసుకున్నారు. అంటే ఆ పిల్లలకు అవి ఇంగ్లండు కథలు కావు, సొంత కథలే.

ఇక వికారాబాదు జంక్షన్ పక్కన పెరిగినవాళ్లం కాబట్టి రైళ్ల కథ ఒకటి చెప్పాలి. ఆడ్రీ అనే ఇంగ్లండు ఫాదరు తట్టు పోసుకొని మంచాన పడ్డ కొడుకు కోసం మాట్లాడే రైలింజన్ల కథలు అల్లాడు. 1945లో మొదటి పుస్తకం వచ్చింది. 1972 దాకా ఇరవై ఆరు చిన్న పుస్తకాలు రాశాడు. 1984లో టీవీలోకి వచ్చాక ఆ థామస్ ఇంజను ప్రపంచమంతా తిరిగింది. అందులోనూ అదే వరస. ముందు ఒక్క పిల్లవాడి కోసం పుట్టిన కథ, తర్వాత మోసుకుపోయే బండి.

ఇప్పుడు మన కథల దగ్గరికి వద్దాం. మన దగ్గర అట్లాంటివి లేవా? 1947 జులైలో చందమామ వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పెట్టిన పత్రిక. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980 దాకా దాన్ని తీర్చిదిద్దారు. చిన్న వాక్యాలు, అందరికీ తెలిసే తెలుగు. దాసరి సుబ్రహ్మణ్యం గారు తోకచుక్కతో మొదలుపెట్టి రాతిరథం, యక్షపర్వతం, మాయా సరోవరం దాకా పన్నెండు ధారావాహికలు రాశారు. మాంత్రికులు, రాకాసి లోయలు, మంచి ఖడ్గవీరులు, నెల చివర గుండె ఆగిపోయే చోట "ఇంకా ఉంది". చిత్ర గారి బొమ్మలు. మా ఇంట్లో చందమామ వచ్చిన రోజు నాకూ తమ్ముడికీ యుద్ధమే. పిల్లల్ని పట్టి ఉంచే శక్తి విషయంలో ఆ కథలు ఫేమస్ ఫైవ్‌కు ఏమాత్రం తీసిపోవు. చందమామ పన్నెండు భాషల్లో దేశమంతా తిరిగింది కూడా.

మరి తేడా ఎక్కడ? ఆ సంతకం గుర్తుందా? దాసరి వారి ధారావాహికల మీద ఆయన పేరు వేసేవారు కాదు. నేను ఎన్నో ఏళ్లు చదివి, ఆ కథలు రాసిందెవరో పెద్దయ్యాక, అదీ ఇంకెవరో చెబితే తెలుసుకున్నాను. పేరు తెలియని రచయిత పుస్తకాన్ని పిల్ల దుకాణంలో ఏమని అడుగుతుంది? పైగా అవి నెలనెలా వచ్చిపోయే సంచికలు. ఒక నెల పోగొట్టుకుంటే కథలో ఒక ముక్క పోయినట్టే. ఫేమస్ ఫైవ్ మొదటి భాగం ఈ రోజు కూడా కొత్తగా అచ్చయి అంగట్లో ఉంటుంది. చందమామ 2013 నాటికి ఆగిపోయింది. బండి ఆగితే సామాను కూడా ఆగింది.

సోవియట్ పుస్తకాలు కూడా అంతే. విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను తిరిగిన రోజులు మీలో చాలామందికి గుర్తుంటాయి. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు, చక్కని తెలుగు, కొద్దిపాటి ధర. రష్యా మంచు, ఎలుగుబంట్లు మనకు ఎంత దగ్గరయ్యాయి! 1991లో ఆ దేశమే పోయింది, పుస్తకాలు రావడం ఆగింది. కథల్లో తప్పేమీ లేదు. మోసేవాళ్లు పోయారు.

నా క్లాసులో జరిగింది చెప్పి మనవిలోకి వస్తాను. తాండూరులో నా పిల్లల్లో తెలుగు ఇల్లు, ఉర్దూ ఇల్లు, కన్నడ ఇల్లు, తండా, అన్నీ ఉండేవి. ఇంగ్లిష్ అంటే అందరికీ సమానంగా భయం. ఒక ఏడాది శనివారం చివరి పీరియడ్లో ఒక వరుస కథ మొదలుపెట్టాం. అయిదుగురు పిల్లలు, ఒక మేక, మూసేసిన బండల గని. వారానికి ఒక పిల్ల లేదా పిల్లవాడు ఒక పేజీ రాసి తేవాలి. ఇంగ్లిష్ రాకపోతే తెలుగు మాట పెట్టుకోవచ్చు. నిజం గనుల్లో నీళ్లుంటాయి కాబట్టి కథలో తప్ప బయట ఎవరూ గని దగ్గరికి పోకూడదని మొదటి రోజే ఒట్టు వేయించాను. దీపావళికల్లా శనివారం హాజరు మిగతా రోజులకన్నా పెరిగింది. గనిలో పనిచేసే తండ్రి ఒకాయన బడికి వచ్చి, "మా పోరడు రాత్రి లైటు ఆర్పనిస్తలేడు మేడం, మేక ఏమైతదో రాయాల్నంట" అన్నాడు. ఫిర్యాదు చేస్తున్నాడో సంతోషపడుతున్నాడో ఆయనకే తెలియదు. నాకు మాత్రం ముప్పై ఏళ్ల ఉద్యోగంలో వచ్చిన పెద్ద అవార్డు అది.

తర్వాత హ్యారీ పోటర్ వచ్చాడు. ఆ కథ మీకు తెలుసు. పన్నెండు మంది ప్రచురణకర్తలు కాదన్నారు. చివరికి తీసుకున్న సంస్థ అధిపతి తన ఎనిమిదేళ్ల కూతురికి మొదటి అధ్యాయం ఇస్తే, ఆ పాప మిగతాది కావాలని పట్టుబట్టింది. 1997లో మొదట అచ్చు వేసింది అయిదు వందల గట్టి అట్టల ప్రతులు. అక్కడా తీర్పు చెప్పింది చిన్నపిల్లే. తర్వాత సినిమాలు, బొమ్మలు, పెద్ద కంపెనీలు మోసుకుపోయాయి. మా బడిలో పిల్లలు టీవీలో తెలుగు డబ్బింగు చూసి, పుస్తకం కావాలని అడిగారు. మొదటి భాగం పరుసవేది పేరుతో తెలుగులో దొరికింది. ఆ ఒక్క ప్రతి చేతులు మారి మారి అట్ట ఊడిపోయి, దారంతో కుట్టుకొని, మళ్లీ ఊడిపోయింది. నేను స్టాకు రిజిస్టరులో దాని పక్కన "చదివి చదివి చిరిగినది" అని రాశాను. తనిఖీకి వచ్చిన అధికారి అది చూసి నవ్వి సంతకం పెట్టారు.

ఇప్పుడు మనవి. స్వర్ణోత్సవ నిధితో బడి ముందు స్వాగత తోరణం కట్టాలని కొందరు, లైబ్రరీ గది కావాలని కొందరు అంటున్నారు. తోరణం కోరేవాళ్ల ప్రేమ నాకు తెలుసు. ఈ గేటు లోపలికి వచ్చిన ప్రతిసారీ నా కళ్లూ తడి అవుతాయి. కానీ నేను లైబ్రరీ వైపు నిలబడుతున్నాను. అది కూడా మళ్లీ తాళం వేసే లైబ్రరీ అయితే వద్దు.

నేను అడిగేవి నాలుగే. పిల్లల చేతికి అందే ఎత్తులో, తలుపులు లేని అరలు. నేల మీద కూర్చొని చదువుకోవడానికి మన తాండూరు బండలు, ఎండాకాలంలో అంతకన్నా చల్లని చోటు లేదు. పుస్తకాలు విడివిడిగా కాకుండా వరుసలుగా కొనాలి. దాసరి వారి ధారావాహికలు, తెలుగులో చవకగా పిల్లల పుస్తకాలు వేస్తున్న మంచి పుస్తకం వారివి, వాటి పక్కనే ఫేమస్ ఫైవ్, హ్యారీ పోటర్. ఉర్దూ, కన్నడ పుస్తకాలు కూడా. నాలుగోది ముఖ్యం. ఏటా కొన్ని పుస్తకాలు పోతాయి, చిరుగుతాయి. ఆ ఖర్చు మన సంఘం భరిస్తుందని, టీచరు జీతంలోంచి ఒక్క రూపాయి పోదని రాతపూర్వకంగా బడికి ఇవ్వాలి. తాళం పడకుండా ఉండాలంటే ఆ కాగితమే దారి. మనం కట్టే ఇంటిపన్నులో గ్రంథాలయ పన్ను కూడా ఉంది కాబట్టి జిల్లా గ్రంథాలయ సంస్థను కూడా అడుగుదాం. కానీ వాళ్లు ఇచ్చేదాకా ఆగొద్దు.

కథలు పుట్టించడం మన చేతిలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మోయడం మాత్రం మన చేతిలో ఉంది. ఇంగ్లిష్ రాని గుమాస్తా ఒకాయన, కుక్క బొమ్మ చూసి ఒక పుస్తకాన్ని ఆబిడ్స్ నుంచి వికారాబాదుకు మోసుకొచ్చాడు. దానివల్ల ఒక టీచరు తయారైంది. ఈ హాలులో మూడు వందల మందికి పైగా ఉన్నాం. మనిషికి ఒకటి మోసినా సరిపోతుంది.

నేను నాతో ఒకటి తెచ్చాను. చివరి పేజీలు లేని ఆ రూపాయి పుస్తకమే. దాన్ని ప్రధానోపాధ్యాయురాలు గారికి ఇస్తున్నాను. ముగింపు తెలియాలంటే పక్కనే కొత్త ప్రతి కూడా పెట్టాను. కానీ పిల్లలకు ముందు పాతదే ఇవ్వండి మేడం. వేపచెట్టు ఇంకా ఉంది కదా.